ఒక్కరికే టికెట్టు

"ఏమ్మా షబానా, మీ ఆయనకి ప్యాంటు సరిపోయిందా?"

తెనాలి గంగానమ్మపేటలో స్కూటర్ల సీట్లు, కవర్లు కుట్టే కోటయ్య ఆ మాట అడిగేసరికి షబానా కూరగాయల సంచీతో అక్కడే ఆగిపోయింది.

"ఏ ప్యాంటు బాబాయ్?"

"అదేనమ్మా, నల్లది. కవర్ల గుడ్డతో కుట్టించుకున్నాడుగా. నీళ్ళు లోపలికి పోకూడదన్నాడు, పాదాల దగ్గర ఎలాస్టిక్ పెట్టమన్నాడు. ఇన్నేళ్ళుగా బళ్ళకి కుడుతున్నా గానీ మనిషికి కుట్టడం ఇదే మొదలు!"

"ఆ, బానే ఉంది" అని చెప్పి షబానా గబగబా నడిచింది. ఆ ప్యాంటు ఆమె చూడనే లేదు.

ఆమెను కలవరపెట్టింది ప్యాంటు కాదు. వీధిలో సగంమంది ఆడవాళ్ళ బట్టలు కుట్టేది తనే. పెళ్ళయిన ఏడాదిన్నర నుంచి జిలానీ చొక్కాలన్నీ తన మిషను మీదే తయారయ్యాయి. గుండీ ఊడినా పిలిచి చూపించే మనిషి, తనకు తెలియకుండా ఇంకొకరి దగ్గరికి వెళ్ళి కొలతలిచ్చాడు. ఎందుకు?

ఇంటికి రాగానే అత్తగారు మదార్‌బీ నమాజుకు కూర్చుని ఉండడం చూసి, గదిలో బీరువా పైనున్న సూట్‌కేసు దించింది. జిలానీ దుబాయ్ నుంచి తెచ్చుకున్న సూట్‌కేసు అది. లోపల నల్ల ప్యాంటు మడతపెట్టి ఉంది. దాని కింద దళసరి చేతి తొడుగులు, చెవులూ మెడా మూసేసే ఉన్ని టోపీ. ఫిబ్రవరిలోనే ఫ్యాను కట్టేయలేని ఊళ్ళో ఉన్ని టోపీ దేనికి? దొంగతనానికి బయల్దేరేవాడి సరంజామాలా ఉందనుకుంది. ఆ ఆలోచనకు తనకే నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

జిలానీ బోసురోడ్డులో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే చిన్న షాపు నడుపుతాడు. దుబాయ్‌లో రెండేళ్ళు ఒక పెద్ద షాపింగ్ మాల్లో ఏసీ ప్లాంటు మీద పనిచేసి, వచ్చాక షబానాను చేసుకున్నాడు. అక్కడి సంగతులు అడిగితే, "ఏముంది, పని, నిద్ర" అనేవాడు. ఇన్నాళ్ళూ ఆమె అంతకుమించి అడగలేదు. ఆ రెండేళ్ళూ ఇప్పుడు ఆమెకు తలుపు మూసిన గదిలా కనబడ్డాయి.

మర్నాడు పొద్దున అతను స్నానం చేస్తుంటే ఫోను మోగింది. షబానా ఎత్తి ఇంకా ఏమీ అనకముందే అవతలి నుంచి ఒక ఆడగొంతు తొందరగా, "సార్, మీరు త్వరగా తేల్చాలండి. ఉన్నది ఒక్క సీటే. మీరు అవునంటే ఇవాళే పట్టేస్తాను. ఇంట్లో చెప్పారా మరి?" అంది.

"ఎవరు?" అంది షబానా.

అవతలి గొంతు తడబడింది. "బాపట్ల నుంచి వీణండి. ఏం లేదండి, మళ్ళీ చేస్తాను."

ఫోను కట్టయింది. జిలానీ తల తుడుచుకుంటూ వచ్చి, "ఎవరు?" అన్నాడు.

"ఎవరో. రాంగ్ నంబరు" అంది షబానా. అతని ముఖం చూసింది. అతను ఫోను తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు.

బాపట్ల పేరు వినగానే ఆమెకు ఆదివారాలు గుర్తొచ్చాయి. కొన్ని వారాలుగా ఆదివారం వస్తే చాలు, సూర్యలంక గెస్ట్‌హౌసులో ఏసీలు ఉప్పుగాలికి తుప్పుపడుతున్నాయంటూ, గోనెసంచిలో ఏదో పొడుగాటి సామాను చుట్టుకుని బాపట్ల బండెక్కుతున్నాడు. సాయంత్రం వచ్చేసరికి జుట్టునిండా ఇసుక. ఏసీ ఎక్కడుంటుంది, ఇసుక ఎక్కడుంటుంది?

రేపల్లెలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్న తమ్ముడు ఇమ్రాన్‌కు ఫోను చేసింది. అతనంతా విని, "ఆపా, నువ్వేం కంగారు పడకు. కానీ అనుమానించాల్సిందే. దుబాయ్‌లో ఉన్నవాళ్ళ కథలు నేను చాలా విన్నా" అన్నాడు. కంగారు పడకు అన్న మాట తర్వాత అతను చెప్పిన ప్రతి మాటా కంగారు పెట్టేదే.

ఆదివారం ఇమ్రాన్ పొద్దున్నే తెనాలి వచ్చాడు. జిలానీ ఎక్కిన ప్యాసింజర్‌లోనే, రెండు పెట్టెల వెనక, ఇద్దరూ ఎక్కారు. షబానా బురఖా ముసుగు దించుకుంది. బాపట్లలో దిగాక జిలానీ ఆటో మాట్లాడుకున్నాడు. వీళ్ళు ఇంకో ఆటోలో వెనకే వెళ్ళారు. "ముందు ఆటోని వదలొద్దు బాబాయ్" అని ఇమ్రాన్ అంటే ఆ ఆటో అతను అద్దంలోంచి ఇద్దర్నీ అదోలా చూశాడు.

సూర్యలంకలో జిలానీ గెస్ట్‌హౌసు వైపు చూడనైనా చూడలేదు. జనం స్నానాలు చేసే చోటు దాటి, సరుగుడు తోటల పక్కన ఇసుక దిబ్బల దగ్గరికి నడిచాడు. గోనెసంచి విప్పాడు. అందులోంచి ప్లైవుడ్ పలక ఒకటి తీశాడు. ముందుభాగం కాస్త పైకి వంచి ఉంది. దాని మీద రెండు పట్టీలు. దిబ్బ ఎక్కి, రెండు పాదాలూ పట్టీల్లో దూర్చి బిగించుకుని, ఒక పక్కకు తిరిగి నిలబడి, కిందికి జారాడు. సగం దూరం వచ్చి బోర్లా పడ్డాడు. లేచాడు, ఇసుక దులుపుకున్నాడు, మళ్ళీ ఎక్కాడు.

ఇద్దరూ సరుగుడు చెట్ల వెనక నిలబడి చూస్తూ ఉండిపోయారు.

చేపలు ఎండేస్తున్న మాణిక్యమ్మ అనే ఆవిడ వాళ్ళ పక్కకు వచ్చి, "ఏం తల్లీ, మీకు తెలిసినోడా?" అంది.

"కాదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఆదివారం ఆదివారం వచ్చి ఇట్టానే పడతంటాడు. ఎవర్నీ ఏమీ అనడు. ఎండ నెత్తికెక్కేదాకా పడి, ఎల్లిపోతాడు. ఇంటికాడ అయినోళ్ళు ఎవరూ లేరేమో పాపం."

షబానా ముసుగు లోపల పెదవి కొరుక్కుంది. ఆడమనిషి ఎవరూ కనబడలేదు. అయినా గుండె కుదుటపడలేదు. ఆడమనిషి ఉంటే సంగతేంటో తెలిసేది. ఇది ఏంటో కూడా తెలియలేదు.

మధ్యాహ్నం జిలానీ బాపట్ల ఊళ్ళోకి తిరిగి వెళ్ళాడు, వీళ్ళూ వెనకే వెళ్ళారు. రైల్వేస్టేషను దగ్గర ఇంటర్నెట్ సెంటరొకటి ఉంది. రైలు, విమానం టికెట్లు ఇప్పించబడును అని గాజు తలుపు మీద రాసి ఉంది. లోపల ముప్పై దాటని ఒక అమ్మాయి, మెడలో కళ్ళజోడు వేలాడుతూ, అతనికి కంప్యూటర్‌లో ఏదో చూపిస్తోంది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూస్తున్నారు. ఇమ్రాన్ ఆపేలోగా షబానా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"రండి, నెట్ కావాలాండి?" అంది ఆ అమ్మాయి.

షబానా ముసుగెత్తింది. జిలానీ లేచిన వేగానికి వెనక కుర్చీ పడిపోయింది.

"నువ్వా! ఇక్కడికెలా..."

"మీరెలా వచ్చారో అలాగే. ఏంటది?"

కంప్యూటర్ తెర నిండా తెల్లటి కొండ. నేలా ఆకాశమూ తప్ప ఏమీ లేదు.

"ఇరాన్" అన్నాడు జిలానీ. "టెహ్రాన్‌కి పైన కొండలు. మంచు పడుతుంది. పలక కాళ్ళకి కట్టుకుని ఆ మంచు మీద జారతారు. స్నోబోర్డింగ్ అంటారు."

"ఎవరు జారతారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"వీసా వస్తే వచ్చే వారమే."

"ఎవరితో?"

"ఒక్కణ్ణే."

ఆ అమ్మాయి, ఫోనులో విన్న వీణే, మెల్లగా కలగజేసుకుంది. "టికెట్ ఒక్కరికేనండి. అక్కగారు రారా అని నేను కూడా అడిగాను. ఇద్దరికైతే ఆయన బడ్జెట్ సరిపోవట్లేదు. ఇదైనా షార్జాలో సగం రోజు కూర్చునే టికెట్టు, అందుకని చౌక. అక్కడ హోటల్ లేదు, ఎవరో స్నేహితుడి గదిలో ఉంటారట. పలక కూడా ఆ స్నేహితుడే ఇస్తాడట. ఇంతకన్నా తక్కువలో నాకు తెలిసి ఎవరూ ఆ దేశం వెళ్ళి రాలేరండి."

ఇమ్రాన్ ముందుకొచ్చాడు. "బావా, అబద్ధం చెప్తే చెప్పావు, కాస్త నమ్మేటట్టు చెప్పు. వ్యాపారమనో ఉద్యోగమనో అను. జారడానికి ఇరాన్ పోతానంటే మా నాన్నకి నేనేం చెప్పాలి?"

"అబద్ధం కాదురా."

"ఆ స్నేహితుడు ఎవడు? ఊరికే గదెందుకు ఇస్తాడు? ఊరికే పలకెందుకు ఇస్తాడు? తిరిగొచ్చేటప్పుడు ఏ సంచో చేతికిచ్చి మోసుకుపొమ్మంటాడు. విమానాశ్రయంలో పట్టుకుని, మన పేర్లు చూసి, ఇరాన్ ఎందుకెళ్ళావు అంటే ఏం చెప్తావు? జారడానికి అంటావా?"

జిలానీ వంగి, పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టాడు. షబానా అటు తమ్ముణ్ణీ చూడలేదు, ఇటు మొగుణ్ణీ చూడలేదు. "రేపల్లె పోదాం పద" అంది ఇమ్రాన్‌తో.

పుట్టింట్లో రెండు రోజులు ఆమె సరిగా నోరు విప్పలేదు. ఇమ్రాన్ మాత్రం ఊహలు అల్లుతూనే ఉన్నాడు. అక్కడ ఇంకో సంసారం ఉందన్నాడు. కాదు, తిరిగిరాకుండా అక్కణ్ణుంచి ఇంకెటో పోతాడన్నాడు. ఏ ఊహ విన్నా షబానాకు అది సాధ్యమే అనిపించేది. మంచు మీద జారడం ఒక్కటే అసాధ్యం అనిపించేది.

మూడోరోజు జిలానీ బండి మీద వచ్చాడు. "ఇక్కడ అందరి ముందూ మాట్లాడలేను. రా" అన్నాడు. ఆమె వెనక కూర్చుంది. పెనుమూడి దాకా పోనిచ్చి వంతెన ఎక్కించాడు. వంతెన మధ్యలో బండి ఆపాడు. కింద కృష్ణ సన్నగా, ఇసుక మేటల మధ్య పాయలుగా పారుతోంది. అవతలి ఒడ్డు నుంచి గడ్డి మోపులతో ట్రాక్టరు ఒకటి వచ్చి వాళ్ళను దాటిపోయింది.

"దుబాయ్‌లో నేను చేసింది మామూలు ఏసీ పని కాదు" అన్నాడు. "ఆ మాల్ లోపల పెద్ద గది ఉంది. గది అంటే మన ఊరి సినిమా హాళ్ళు నాలుగైదు పట్టేంత. అందులో మంచు తయారుచేసి కొండలా పోస్తారు. బయట ఒళ్ళు మాడిపోయే ఎండ, లోపల గడ్డకట్టే చలి. ఆ మంచు మిషన్లు చూసుకోవడం మా పని."

"అది ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నవ్వుతారని. మా అమ్మకి చెప్తే ఫ్రిజ్‌లో పనిచేశావా అనేది."

షబానా నవ్వలేదు.

"రోజంతా జనం పైనుంచి జారుతూ ఉండేవాళ్ళు. మేం వెనక దారిన పోయి వెనక దారిన రావాలి. బెహ్రూజ్ అని ఇరాన్ అతను అక్కడ జారడం నేర్పేవాడు. ఒకసారి జనం వెళ్ళిపోయాక, 'నువ్వు చేసిన మంచు ఎలా ఉంటుందో నీకు తెలియొద్దా' అని నన్ను పలక మీద నిలబెట్టాడు. అప్పట్నుంచి వారానికోసారి, లైట్లు సగం ఆర్పేశాక, ఎవరూ చూడకుండా నేర్చుకున్నాను. ఎవరైనా వస్తారేమోనని ఎప్పుడూ భయమే." అతను కమ్మీ మీద చేతులు ఆనించాడు. "ఒక్కసారి పగలు జారాలి షబానా. నిజం కొండ మీద, టికెట్టు కొనుక్కుని, అందరిలాగా. అంతే. బెహ్రూజ్ ఇప్పుడు వాళ్ళ ఊరి కొండ దగ్గరే పనిచేస్తున్నాడు. ఈ చలికాలం అయ్యాక కెనడా పోతున్నాడట. మార్చి వస్తే ఏసీల పనితో నాకు షాపులో ఊపిరాడదు. ఇప్పుడు కాకపోతే ఇంక లేదు."

"నన్నెందుకు తీసుకుపోరు?"

"డబ్బులు చాలవు" అని, కమ్మీ మీంచి చేతులు తీసి, "చాలినా ఏమో. నేను పడుతుంటే నువ్వు చూడడం నాకిష్టం లేదు" అన్నాడు.

సూర్యలంకలో చూసేసిన సంగతి ఆమె చెప్పలేదు. "ఆ బెహ్రూజ్‌తో నేను మాట్లాడాలి" అంది.

అతను అక్కడే ఫోను కలిపి ఆమెకిచ్చాడు. అవతల ఒక మగగొంతు, దుబాయ్‌లో నేర్చుకున్న వచ్చీరాని హిందీలో పలకరించింది. షబానా ఉర్దూలో సూటిగా అడిగింది. "మా ఆయన మీ దగ్గరికి ఎందుకొస్తున్నారు?"

"పడడానికి!" అని పెద్దగా నవ్వాడు బెహ్రూజ్. "మీవారిలా పడేవాణ్ణి నేను చూడలేదు. కానీ లేస్తాడు. ఎన్నిసార్లయినా లేస్తాడు. అందుకే రమ్మన్నాను."

అతని నవ్వు వెనక ఇంకో నవ్వు వినబడింది. ఆడమనిషి నవ్వు. "అక్కడ ఎవరు?" అంది షబానా వెంటనే.

"మా అమ్మ. జిలానీ వస్తే ఏం వండాలని అడుగుతోంది."

అమ్మే కావచ్చు. కాకపోవచ్చు. గొంతును బట్టి వయసు చెప్పడానికి లేదు. షబానా ఫోను తిరిగిచ్చేసి నది వైపు తిరిగింది. నమ్మానని చెప్పడానికి నోరు రాలేదు. వద్దనడానికీ రాలేదు.

"కోటయ్య కుట్లు చూశాను" అంది చివరికి. "ఒంటి కుట్టు. నీళ్ళు లోపలికి కారతాయి. ఇంటికి పదండి."

ఆ వారమంతా ఆమె మిషను మీద ఆ ప్యాంటే ఉంది. కుట్లన్నీ విప్పి రెండు వరసలు వేసింది. కుట్టు పొడవునా మైనం రుద్దింది. లోపల పాత దుప్పటి గుడ్డ లైనింగు వేసి, పాస్‌పోర్టు పట్టేలా నడుం దగ్గర దొంగజేబు కుట్టింది. జిలానీ వీసా కోసం హైదరాబాద్‌లో కాన్సులేట్‌కు వెళ్ళొచ్చాడు. గుంటూరులో స్వెట్టర్లు అమ్మేవాళ్ళు సీజను అయిపోయి మూట కట్టుకుంటుంటే వాళ్ళ దగ్గర మిగిలిపోయిన కోటు బేరమాడి తెచ్చుకున్నాడు. షబానా ఆ కోటు జేబులన్నీ తిరగేసి చూసింది. వీణకు ఫోను చేసి తిరుగు టికెట్టు నిజంగా ఉందా అని అడిగింది. "ఉందక్కా" అంది వీణ. మర్నాడు మళ్ళీ అడిగింది. వీణ విసుక్కోకుండా మళ్ళీ ఉందంది.

మదార్‌బీకి సంగతి చెప్పినప్పుడు ఆవిడ కొడుకు ముఖం వంక చాలాసేపు చూసి, "మంచు మీద జారితే ఏమొస్తుందిరా?" అంది.

"ఏమీ రాదమ్మా."

"మరి నిజంగానే వెళ్తున్నట్టున్నాడు" అంది ఆవిడ కోడలితో. "ఏమన్నా వస్తుందంటే అనుమానించేదాన్ని."

అతను బయల్దేరాడు. షార్జా నుంచి ఒకసారి, టెహ్రాన్‌లో దిగాక ఒకసారి ఫోను చేశాడు. ఆ తర్వాత ఫోను లేదు. ఒక రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. అతని నంబరుకు చేస్తే ఏదో భాషలో ఒక ఆడగొంతు అదే వాక్యం పదే పదే చెప్పింది. బెహ్రూజ్ నంబరూ అంతే. ఇమ్రాన్ వచ్చి, అరుగు మీద కూర్చుని, "నేను చెప్తూనే ఉన్నా" అన్నాడు. షబానా లోపలికి వెళ్ళి సూట్‌కేసు ఉండే చోటు చూసింది. బీరువా పైన దుమ్ములో దాని చదరం మచ్చ మిగిలి ఉంది. అతను వదిలేసి వెళ్ళిన వస్తువులేంటో ఒక్కొక్కటే వెతుక్కుంది. పెళ్ళి ఉంగరం లేదు, వేసుకునే వెళ్ళాడు. దుబాయ్ ఫొటోలు లేవు. ఎప్పుడూ లేవో, ఇప్పుడు లేవో ఆమెకు తెలియలేదు.

దిక్కు తోచక బాపట్ల బండెక్కింది. ఆమెను చూసి వీణ ఏమీ అడగకుండా కుర్చీ వేసింది. కంప్యూటర్‌లో చాలాసేపు వెతికింది. "అక్కా, ఇదిగో. అక్కడ మంచు తుఫాను. కొండదారి మూసేశారట. కరెంటు తీగలు తెగాయని రాశారు." తెర మీద బొమ్మలో రోడ్డుకు అడ్డంగా మంచు, దాని ముందు ఆగిపోయిన లారీలు. షబానా ఆ బొమ్మలో మనుషుల్ని ఒక్కొక్కర్నీ పరీక్షగా చూసింది. ఈ అమ్మాయి చేత కూడా జిలానీయే ఇలా చెప్పిస్తున్నాడేమోనన్న అనుమానం తొంగిచూసింది. అప్పుడే వీణ టీ తెప్పించి, "మా ఆయన వైజాగ్ వెళ్తే నాకూ ఇంతేనక్కా" అంది. షబానాకు సిగ్గేసింది.

మర్నాడు సాయంత్రం ఫోను మోగింది. అవతల గాలి హోరు. "దారి మూసేశారు షబానా! కరెంటు లేదు, ఫోన్లు లేవు. నేను బాగానే ఉన్నా!"

"పడ్డారా?"

"లెక్కలేనన్నిసార్లు!" అతను అరుస్తున్నాడు. భయంతో కాదు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినని గొంతు.

చెప్పిన రోజునే జిలానీ తెనాలి స్టేషనులో దిగాడు. ఇమ్రాన్ ముందుగా చూసి ఆగిపోయాడు. జిలానీ ముఖమంతా కాలిన ఇటుకలా ఎర్రగా, నల్లగా కమిలి ఉంది. ముక్కు మీద చర్మం పొలుసులుగా లేస్తోంది. కళ్ళ చుట్టూ మాత్రం పెద్ద కళ్ళజోడు ఆకారంలో పాత చర్మం అలాగే ఉంది. గీత గీసినట్టు.

"ఏంటి బావా ఇది?"

"మంచు మీద ఎండ. కళ్ళకి అద్దాలు పెట్టుకుంటారు. అవి ఉన్నంతమేర ఇలా ఉంటుంది."

ఇమ్రాన్ నోరు తెరిచి, మూసి, సూట్‌కేసు అందుకున్నాడు. ఆ తర్వాత ఇంటికి చేరేదాకా ఒక్క ప్రశ్న వేయలేదు. మదార్‌బీ కొడుకును చూసి గుండెలు బాదుకుంది. వీధిలో పిల్లలు వెంటపడ్డారు. ఇలాంటి ముఖంతో ఎవరూ అబద్ధం ఆడలేరు. షబానా అందరికన్నా ముందే ఆ సంగతి గ్రహించింది. అయినా ఆమె మనసు తేలికపడలేదు. ఇన్నాళ్ళ అనుమానం పోయిన చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. మంచు కొండ మీంచి ఫోనులో సంతోషంతో అరిచిన అతని గొంతు.

అందరూ వెళ్ళాక గిన్నెలో వెన్న తెచ్చి అతని ఎదుట కూర్చుంది. ముక్కు మీద మెల్లగా రాస్తూ అడిగింది.

"అక్కడ నేను గుర్తొచ్చానా?"

"కొండ దిగుతున్నంతసేపూ రాలేదు" అన్నాడు. "అప్పుడు ఎవరూ గుర్తురారు. కిందికొచ్చి నిలబడ్డాక వచ్చావు. ప్రతిసారీ."

ఆమె వేలు అతని చెంప మీద ఆగింది. ఆ మాటలో మొదటి సగం గుచ్చుకుంది. ఆ సగం లేకపోతే రెండోది నమ్మి ఉండేది కాదు.

"కదలకండి" అంది. ఇంకొంచెం వెన్న తీసుకుని కళ్ళ చుట్టూ ఉన్న గీత వెంట రాయడం మొదలుపెట్టింది.